పాట రాగానే లేచి వెళ్ళకండి: పిల్లలతో బొమ్మల మ్యూజికల్ సినిమా చూసే పద్ధతి

మన జిల్లాల్లో సినిమా హాలుకి ఒక పాత అలవాటుంది. తెర మీద పాట మొదలైందంటే చాలు, సీట్లు టపటపా మడుచుకుంటాయి. ఒకాయన బాత్రూంకి, ఇంకొకాయన టీకి, కొందరు ఊరికే కాళ్ళు సాగదీసుకోడానికి లేస్తారు. మన సినిమాల్లో చాలావాటికి దీనివల్ల పెద్దగా పోయేదేమీ ఉండదు. హీరో హీరోయిన్లు ఏ మంచుకొండల్లోనో నాలుగు నిమిషాలు తిరిగొస్తారు. మనం వచ్చి కూర్చునేసరికి కథ వదిలిన చోటే ఉంటుంది.

పాటలతో నడిచే బొమ్మల సినిమాకి ఇదే అలవాటుతో వెళ్తే మాత్రం సగం సినిమా పోయినట్టే. అక్కడ కథ పాటలోనే కదులుతుంది. పాట మొదట్లో గుమ్మం దాటడానికి భయపడ్డ పిల్ల, పాట అయ్యేసరికి ఊరు దాటి ఎక్కడో ఉంటుంది. ఆ నాలుగు నిమిషాలు బయట గడిపినవాళ్ళు లోపలికొచ్చి "ఇదెప్పుడొచ్చిందిక్కడికి?" అని పక్కసీటువాళ్ళని అడుగుతారు. అందుకని అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే: బాత్రూం పనులు తరుముకునే సీన్లలో, కొట్లాటల్లో చూసుకోండి. పాటలో కదలకండి.

నేను విజయనగరంలో ఇంటి దగ్గర పిల్లలకి వయొలిన్ నేర్పుతాను. సెలవులిస్తే మా తమ్ముడి పిల్లలిద్దరూ శ్రీకాకుళం నుంచి వచ్చేస్తారు. వాళ్ళతోపాటు నా దగ్గర నేర్చుకునే పిల్లలు, వాళ్ళ అమ్మలు, ఒక్కోసారి మా నాన్నగారు. ఈ బలగాన్నంతా వేసుకుని బొమ్మల సినిమాలకి వెళ్తూ వెళ్తూ నాకు కొన్ని పద్ధతులు కుదిరాయి.

టికెట్టు తీసేముందు

డబ్బింగ్ బొమ్మల సినిమాకి మన ఊళ్ళలో రోజుకి ఒకటి రెండు ఆటలకి మించి ఇవ్వరు. పెద్ద హీరో సినిమా వచ్చిందంటే అవీ ఉండవు. కాబట్టి "వచ్చే వారం చూద్దాంలే" అనుకోకండి. మొదటి శని, ఆదివారాల్లోనే పని కానిచ్చేయాలి. ఆటల్లో మ్యాట్నీ మంచిది. ఫస్ట్ షోకి వెళ్తే చిన్నపిల్లలు సెకండాఫ్‌లో నిద్రపోతారు, వాళ్ళని భుజాన వేసుకుని ఆటో వెతుక్కోవాలి.

టికెట్టు యాప్‌లో ఒకే సినిమా తెలుగు, ఇంగ్లీషు, హిందీ, టూడీ, త్రీడీ అని విడివిడిగా ఉంటుంది. తొందరలో ఏదో ఒకటి నొక్కేయకుండా భాష చూసి నొక్కండి. నా ఓటు తెలుగుకే. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు మాటలు పట్టుకోగలరేమో గానీ, పాటలో వేగంగా దొర్లిపోయే ఇంగ్లీషు వాళ్ళకే కాదు, వాళ్ళ నాన్నలకీ అందదు. పాటే కథ అయినప్పుడు పాట మాట తెలియకపోతే ఎలా? ఇంగ్లీషులోనే చూడాలని పట్టుబడితే మా ఊరి నుంచి విశాఖపట్నం వెళ్ళాలి, 60 కిలోమీటర్లు. అంత దూరం తీసుకెళ్తే పిల్లలకి సినిమా కంటే బీచే గుర్తుంటుంది.

తెలుగు డబ్బింగ్ అంటే పెదవి విరిచే కాలం కాదిది. 2019లో 'ద లయన్ కింగ్' తెలుగులో వచ్చినప్పుడు సింహం సింబాకి నాని గొంతిచ్చాడు. అదే ఏడు 'ఫ్రోజెన్ 2'లో ఎల్సాకి నిత్యా మీనన్, చిన్నప్పటి ఎల్సాకి మహేశ్‌బాబు కూతురు సితార చెప్పారు. 2024 డిసెంబర్లో వచ్చిన 'ముఫాసా'లో సింబా తండ్రి ముఫాసాకి మహేశ్‌బాబే చెప్పాడు. ఈ సింహాల సినిమాల్లో అడవిపంది, దాని జతగాడు తెర మీదకి రాగానే బ్రహ్మానందం, అలీ గొంతులు వినపడితే, బలవంతాన వచ్చిన తాతయ్యలు కూడా నవ్వుతారు. పెద్దవాళ్ళకి ఒక్క మనవి. "ఇది మహేశ్‌బాబు గొంతురా!" అని ప్రతి డైలాగుకీ పిల్లల చెవిలో ఊదకండి. వాళ్ళకి అక్కడున్నది సింహం. సింహాన్ని సింహంగానే ఉండనివ్వండి. పైగా మాట చెప్పినవారే పాట పాడాలని లేదు. చాలాసార్లు మాట ఒకరిది, పాట వేరే గాయకులది. ఆ రెండు గొంతుల మధ్య అతుకు కనపడకుండా చేయడంలోనే డబ్బింగ్‌వాళ్ళ గొప్పతనమంతా ఉంది.

త్రీడీ గురించి కచ్చితంగా చెప్తాను, డబ్బు దండగ. ఆ కళ్ళద్దాలు వెలుతురు తగ్గిస్తాయి. బొమ్మల సినిమాకి రంగులే ప్రాణం. రంగు కోసం వెళ్ళి నల్లద్దాలు పెట్టుకుని చూడ్డం ఏమిటి? అద్దాలు పెద్దవాళ్ళ కొలతకి చేసినవైతే అయిదేళ్ళ పిల్లల ముక్కు మీద నిలవవు. పాట సగంలో ఉండగా "అత్తా, జారిపోతంది" అంటారు. మీరు వంగి సర్దుతుంటారు, అవతల పాట అయిపోతుంది.

సర్టిఫికెట్ కూడా ఒకసారి చూసుకోండి. ఇదివరకు యూ, యూఏ అని రెండే ఉండేవి కదా పిల్లల సినిమాలకి. 2024 నుంచి యూఏని 7+, 13+, 16+ అని మూడుగా విడదీశారు. యూఏ 7+ అని ఉంటే ఏడేళ్ళ లోపు పిల్లలని తీసుకెళ్ళకూడదని కాదు, తీసుకెళ్ళాలా వద్దా అన్నది మీరు ఆలోచించుకోమని. మా తమ్ముడి చిన్నది అలాంటి సినిమా అయిదేళ్ళప్పుడే చూసి హాయిగా నవ్వింది. దానికంటే పెద్దాడు చీకటి సీన్లకి నా ఒళ్ళో దూరాడు. వయసు కంటే పిల్లల తీరు ముఖ్యం.

ఇక సీట్లు. బాల్కనీలో మొదటి వరస అని మురిసిపోకండి, పిల్లల కళ్ళకి సరిగ్గా రెయిలింగ్ అడ్డొస్తుంది. గోడవారన కూర్చుంటే పక్క స్పీకర్ల హోరంతా చెవిలోనే. వెడల్పుకి మధ్యలో, ఎత్తుకి మధ్య కంటే కాస్త వెనక్కి, అదే పిల్లలకి సరైన చోటు. సీటు లోతుగా ఉంటే కూర్చోబెట్టడానికి ఒక దళసరి తువ్వాలు మడతపెట్టి పట్టుకెళ్ళండి. ఏసీ ఎక్కువైతే అదే కప్పడానికీ పనికొస్తుంది.

ఇంట్లో చేయాల్సిన పని

సినిమాకి ముందు పాటలన్నీ ఫోన్లో వినిపించేస్తారు కొందరు. వద్దు. ఒకే ఒక్క పాట వినిపించండి, కథ మొదట్లో హీరోయో హీరోయినో తనకేం కావాలో పాడే పాట. ఇలాంటి సినిమాల్లో దాదాపు అన్నింట్లో ఆ పాట ఉంటుంది, మొదటి అరగంటలోపే వస్తుంది. "ఇల్లు దాటి వెళ్ళాలి", "రాజునవ్వాలి", "ఆ కొండకవతల ఏముందో చూడాలి". ఏదో ఒక కోరిక. వారం రోజులు బండి మీద స్కూలుకి తీసుకెళ్ళేటప్పుడు అదే పాట పాడుకుంటే చాలు. హాల్లో అది మొదలవగానే పిల్లలు సీటు అంచుకి వచ్చేస్తారు. విలన్ పాట మాత్రం ముందే వినిపించి పాడుచేయకండి. దాని రుచి హాల్లోనే.

కడుపు నిండా తినిపించి తీసుకెళ్ళండి. బయటి తిండి హాల్లోకి రానివ్వరు, ఆ హక్కు హాలువాళ్ళకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో తాగే మంచినీళ్ళు ఉచితంగా ఇవ్వాలనీ, పసిపిల్లల ఆహారాన్ని ఆపకూడదనీ కూడా ఉంది. పాలసీసా చూసి గేటు దగ్గర ఎవరైనా మొహం చిట్లిస్తే ఈ మాట నెమ్మదిగా చెప్పండి. పాప్‌కార్న్ ఇంటర్వెల్‌లోనే కొనండి. ముందే కొంటే పేర్లు పడేలోపు డబ్బా ఖాళీ, ఆ తర్వాత దాహం, ఆ తర్వాత బాత్రూం, సరిగ్గా పాట సమయానికి. జంతికలు ఇంటి దగ్గరే వదిలేయండి. వాటి కరకర మూడు వరసల దాకా వినపడుతుంది.

హాల్లో ఏం వినాలి

ఇది నాకు బాగా ఇష్టమైన సంగతి, కాస్త సాగదీస్తాను.

కోరిక పాట అని చెప్పాను కదా. దాని పల్లవి వరస, అంటే ట్యూన్, చెవిలో పెట్టుకోండి. సినిమా ముందుకెళ్ళేకొద్దీ ఆ వరస మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ వేషం మార్చుకుని. ఒకసారి ఫ్లూట్ మీద రెండే రెండు స్వరాలు వినిపించి మాయమవుతుంది. ఇంకోసారి మనిషి ఓడిపోయి కూర్చున్నప్పుడు సగం వేగంలో, ఒంటి గొంతుతో వస్తుంది. చివర్లో కోరస్, డ్రమ్ములు, ఇత్తడి వాయిద్యాలు అన్నీ కలిసి అదే వరసని ఆకాశానికెత్తుతాయి. "అత్తా, ఈ పాట ఇందాకా వచ్చింది కదేటి? ఇప్పుడు ఏడుస్తన్నట్టుంది" అని పెద్దాడు చీకట్లో గొణిగాడంటే, వాడు సినిమా సరిగ్గా చూస్తున్నాడన్నమాట.

ఏడుస్తున్నట్టు ఎందుకుంటుందో కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకి చెప్పడం చాలా తేలిక. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది మన శంకరాభరణం రాగం స్వరాలే. వాళ్ళ పిల్లల పాటల్లో చాలా భాగం ఇందులోనే ఉంటాయి. అందులో గాంధారం, ధైవతం, నిషాదం, అంటే గ, ద, ని, మూడింటినీ ఒక్కో మెట్టు కిందకి దించితే నటభైరవి రాగం, అదే వాళ్ళ మైనర్ స్కేల్. నిషాదాన్ని పైనే ఉంచి గాంధార ధైవతాలని మాత్రం దించితే కీరవాణి రాగం. సంతోషంగా విన్న వరస గాంధారం దిగేసరికి మబ్బు పట్టినట్టవుతుంది. కర్ణాటక సంగీత వాగ్గేయకారుడు ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు వరసలకి సంస్కృత సాహిత్యం రాశారు, నొట్టుస్వరాలంటాం. అవి వాయించే పిల్లలకి ఈ సినిమాల సంగీతం ఏమాత్రం పరాయిది కాదు. సినిమాకి ముందు ఇంట్లో ఒక వరసని శంకరాభరణంలో వాయించి, వెంటనే గాంధారం దించి వాయించి చూపించండి. కీబోర్డు యాప్ మీదయినా సరే. రెండు నిమిషాల పని, హాల్లో వాళ్ళ చెవి ఎలా తెరుచుకుంటుందో చూడండి.

మా నాన్నగారు మొదట రానన్నారు. "బొమ్మల సినిమాకి నేనెందుకే, గుంటల్ని తీసుకెళ్ళు" అన్నారు. హరికథలు వింటూ పెరిగిన మనిషి. 1919లో ఈ ఊళ్ళో మహారాజావారి సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆ ఊరివాడినని మా నాన్నగారికి ఇప్పటికీ గొప్ప. ఎలాగో ఒప్పించి తీసుకెళ్తే, ఇంటర్వెల్‌లో "ఇది హరికథలాగే ఉందే. మాట సాగినంత సాగి, ఇక మాట చాలనప్పుడు పాట ఎత్తుకుంటున్నారు" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. హరికథలో దాసుగారు గజ్జె ఘల్లుమనిపించి కీర్తన ఎత్తుకున్నప్పుడు ఎవరైనా లేచి వెళ్తారా? ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. పాటలో కథ వినడం మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

కొంచెం పెద్దపిల్లలు, పదేళ్ళు దాటినవాళ్ళు, "చిన్నపిల్లల సినిమా" అని బిగుసుకుని కూర్చుంటారు. వాళ్ళకి ఒక పని అప్పజెప్పండి. బొమ్మల సినిమాలు తీసేటప్పుడు మామూలుగా ముందు గొంతులు రికార్డు చేస్తారు, ఆ తర్వాత గొంతుని బట్టి బొమ్మ నోరు, కనుబొమలు కదిలిస్తారు. తెర మీద సెకనుకి 24 బొమ్మలు నడుస్తాయి. డబ్బింగ్‌లో ఇదంతా తిరగబడుతుంది. నోరు ముందే కదిలిపోయి ఉంటుంది, తెలుగు మాట దానికి సరిపడా దొరకాలి. ప, బ, మ పలకాలంటే పెదాలు మూసుకోవాలి. బొమ్మ పెదాలు మూసిన చోట తెలుగు రచయిత ఈ అక్షరాల్లో ఏదో ఒకటి పడేలా చూసుకోవాలి. అర్థం చెడకూడదు, పాటైతే తాళమూ తప్పకూడదు. దగ్గర షాట్లలో పెదాలు చూస్తూ ఎక్కడ కుదిరింది, ఎక్కడ కుదరలేదు అని లెక్కపెట్టమనండి. మార్కులు వేయడమంటే ఆ వయసు పిల్లలకి మహా సరదా.

విలన్ పాటలో పిల్లలు భయపడరు, నవ్వుతారు. భయపడేది దాని తర్వాత వచ్చే నిశ్శబ్దంలో. ఈ కథల్లో చాలావాటిలో తల్లో తండ్రో పోవడం, పిల్ల దారి తప్పడం ఉంటాయి. అప్పుడు కళ్ళు మూయడం కంటే చెవులు మూయడం బాగా పనిచేస్తుంది. భయం పుట్టించేది ఎక్కువగా సంగీతమే, అది తగ్గితే తెర మీద ఉన్నది బొమ్మేనని పిల్లలకే తెలిసిపోతుంది. మీ అరచేతులు వాళ్ళ చెవుల మీద మెత్తగా పెట్టి ఉంచండి. "ఏం కాదురా, చచ్చిపోలేదులే" అని అబద్ధం మాత్రం చెప్పకండి. అయిదు నిమిషాల్లో దొరికిపోతారు.

ఇంటర్వెల్ ఒక పెద్ద తలనొప్పి. విదేశాల్లో తీసిన సినిమాలకి ఇంటర్వెల్ ఉండదు, ఇక్కడ హాల్లో ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి ఆపుతారు. ఒకచోట పాట మధ్యలో, చరణం సగంలో లైట్లు వేసేశారు. సమోసాల ట్రే పట్టుకున్న కుర్రాడు తెరకీ మాకూ మధ్య నిలబడ్డాడు. చిన్నది ఏడుపు లంకించుకుంది. అలాంటప్పుడు ఏం చేయాలంటే, ఆగిపోయిన చోటు నుంచి ఆ వరసని మీరే నోటితో కొంచెం కూనిరాగం తీయండి. మళ్ళీ సినిమా మొదలైనప్పుడు పాట పిల్లల నోట్లోనే ఉంటుంది, అతుక్కుపోతుంది.

హాల్లో పిల్లలు పాడితే పాడనివ్వండి. వెనకవాళ్ళు "ఉష్" అంటే ఒకసారి నవ్వి ఊరుకోండి, పిల్లల సినిమాకి వచ్చి పిల్లల గోల వద్దంటే ఎలా? ఆ ఓపిక ఫోన్ వెలుతురు మీద మాత్రం చూపించకండి. పాట బాగుందని ఫోన్ ఎత్తి రికార్డు చేసే నాన్నలకి ఒక హెచ్చరిక: 2023లో చట్టం మార్చాక హాల్లో సినిమా రికార్డు చేస్తే కనీసం మూడు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలు, తక్కువలో తక్కువ 3 లక్షల జరిమానా.

పేర్లు పడేటప్పుడు

సినిమా అయిపోగానే తలుపు దగ్గర తోపులాట ఎలాగూ ఉంటుంది. ఆ అయిదు నిమిషాలు కూర్చోండి. చివరి పేర్ల మధ్యలో చిన్న తమాషా సీన్లు పెట్టడం ఈ సినిమాలకి అలవాటు. పేర్లతోపాటు పాట ఇంకోసారి పూర్తిగా వినపడుతుంది. అమెరికా స్టూడియోల బొమ్మల సినిమాల్లో ఇంకో ముచ్చట ఉంది. సినిమా తయారవుతున్నప్పుడు పనిచేసేవాళ్ళ ఇళ్ళల్లో పుట్టిన పాపాయిల పేర్లు చివర్లో ఒక జాబితాగా వేస్తారు. ఒక బొమ్మల సినిమాకి ఏళ్ళు పడతాయి మరి. చిన్నది ఇప్పుడు ఆ పాపాయిల పేర్లు పడేదాకా లేవనంటుంది. ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చి నిలబడతారు. వాళ్ళకి అడ్డం లేకుండా కాళ్ళు పైకెత్తి కూర్చుంటాం.

బయటికొచ్చాక "ఈ సినిమాలో నీతి ఏంటి?" అని అడగొద్దు. స్కూల్లో ఆ ప్రశ్న చాలినంత అడుగుతారు. అడగాలనుంటే "ఆ పాట మళ్ళీ ఎక్కడొచ్చింది?" అని అడగండి. మేమైతే అయ్యకోనేరు గట్టు దాకా నడుస్తూ దొరికినన్ని చోట్లు చెప్పుకుంటాం, నాన్నగారు ఎప్పుడూ మాకంటే ఒకటి ఎక్కువ పట్టుకుంటారు. ఇంటికొచ్చాక వయొలిన్ మీద పల్లవి స్వరాలు వెతకడం పిల్లల పని. నేను అందివ్వను. షడ్జం, అంటే 'స', ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం చెప్తాను. సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పట్టేస్తారు, మిగిలినవాళ్ళు చూసి నేర్చుకుంటారు.

కొన్నాళ్ళకి అదే సినిమా ఓటీటీలోకి వస్తుంది. అప్పుడు ఇంగ్లీషు ఆడియో పెట్టి, అక్షరాలు కూడా తెర కింద వేసి చూపించండి. కథ తెలుసు, వరస నోటికొచ్చు, కాబట్టి ఇంగ్లీషు మాటలు వాటంతటవే అందుతాయి. శ్రీకాకుళం తిరుగు బస్సు ఎక్కేలోపు పెద్దాడు ఆ పాట రెండు భాషల్లోనూ పాడేస్తాడు. కండక్టర్ టికెట్టు కొట్టడానికి వచ్చినప్పుడూ ఆపడు.